బొమ్మరిళ్ల గురించి రాస్తున్న అమ్మాయికి

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. 'ముచ్చటైన', 'అబ్బురపరిచే' లాంటి మాటలు కొట్టేస్తే సగం పేజీ ఖాళీ అవుతుంది. అక్కడ ఏం రాయాలో చెబుతాను.

దశాబ్దాల వారీగా పేరాలు పేర్చుకుంటూ పోకు. ఇల్లు దేనితో చేశారు, ఏ కొలతకు చేశారు? ఈ రెండూ పట్టుకుంటే కాలం ఏదో చాలావరకు అవే చెబుతాయి.

ముందు కొలత. అడుగును అంగుళం చేస్తే 1:12. 1924లో పూర్తయిన బ్రిటన్ రాణి మేరీ కోసం చేసిన బొమ్మరిల్లు ఈ లెక్కదే. వాస్తుశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్ గీసిన ఆ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, దీపాలు వెలుగుతాయి. స్వీడన్ బొమ్మల కంపెనీ లుండ్బీ ఇళ్లు 1:18. బార్బీది 1:6. ఏడడుగుల తలుపు మొదటిదాంట్లో 7 అంగుళాలు, లుండ్బీలో దాదాపు 4.7, బార్బీ లెక్కలో 14. నువ్వేమో లుండ్బీ గదిలో 1:12 కుర్చీ వేశావు. అది ఆ గదికి ఒకటిన్నర రెట్లు పెద్దది, కూర్చున్న బొమ్మ కాళ్లు నేలకు అందవు. ఇవి సేకరించేవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు. కొలత తెలియని ఇల్లు దొరికితే గది వెడల్పును నమ్మకు; అమ్మకానికి చేసేవాళ్లు గదుల్ని కుదించేస్తారు. కుర్చీ కూర్చునే ఎత్తు చూడు. అసలు కుర్చీలో అది సుమారు 18 అంగుళాలు, 1:12లో ఒకటిన్నర, 1:24లో ముప్పావు.

ఇక ఇల్లు దేనితో చేశారన్నది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో బ్లిస్ కంపెనీ చెక్క మీద రంగుల్లో అచ్చేసిన కాగితం అతికించింది. ఇటుకలు, కిటికీలు అన్నీ ఆ కాగితం మీదే. చెమ్మ తగిలితే ముందు మూలల్లో లేస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మార్క్స్ కంపెనీ అదే పని రేకు మీద చేసింది. చదునుగా ఉన్న రేకు మీద కర్టెన్లు, తివాచీలు, గోడ పటాలు అచ్చేసి, తర్వాత కత్తిరించేది. ఒక రేకు నాలికల్ని ఇంకో రేకు చీలికల్లో దూర్చి మడిస్తే ఇల్లు నిలబడుతుంది. విడిభాగాలుగా పెట్టెలో వచ్చేది కాబట్టి బిగించే పని కొన్నవాళ్లదే. ఆ నాలికల్ని పదేపదే వంచితే లోహం అలిసి విరుగుతుంది. రంగు గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. పాత ఇంటి గురించి రాసేటప్పుడు ఈ రెండు చోట్లూ తప్పకుండా చూడు.

బార్బీ మొదటి ఇల్లు 1962లో వచ్చింది. అట్టతో చేసింది, మడిచి పట్టుకెళ్లొచ్చు. మంచం, టీవీ, పుస్తకాల అర ఉన్నాయి, వంటిల్లు లేదు. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నేనైతే ఇక్కడే రెండు పేరాలు ఆగేదాన్ని. మన లక్కపిడతల్లో వంటిల్లంతా ఉంటుంది, చుట్టూ గోడలే ఉండవు. ఈ పోలిక నీకు పనికొస్తుంది. అంతేగానీ నిర్మల్ బొమ్మలు, దసరా బొమ్మల కొలువు అంటూ 'మనకూ ఉన్నాయి' పేరా ఒకటి చివర్లో తగిలించకు. 1974 నాటికి బార్బీ ఇల్లు మూడంతస్తులయింది, తాడు లాగితే కదిలే లిఫ్టు వచ్చింది.

దీపాల సంగతి రాస్తే వోల్టేజీ తప్పకుండా ఇవ్వు. పాత లుండ్బీ బల్బు 4.5 వోల్టులది. 1:12 ఇళ్లకు అమ్మే 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలిస్తే వెంటనే మాడిపోతుంది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చని కూడా చెప్పు. అమెరికాలో నిషేధం 1978లో గానీ రాలేదు. రంగు గీకమని ఎవరికీ సలహా ఇవ్వకు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం చూసిరా, శుక్రవారం సెలవు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ పత్రికలు దొరికితే వెనక పేజీల్లో బొమ్మల ప్రకటనలు వెతుకు. ధర, ఏడాది రెండూ ఒకేచోట దొరకొచ్చు. ఏ ఇంటిని ఫొటో తీసినా పక్కన స్కేలు పెట్టు, వెనకవైపు కూడా తీయి. మరమ్మతులు బయటపడేది ఎక్కువగా అటువైపే. అవి చూసి రెండో ప్రతి పంపు.