బ్లోయర్ నాలుగో స్పీడులో తిరుగుతుంటే మోటారు కొనకండి

ప్రశ్న: అమెరికాలోని ఒహాయోలో ఎం.ఎస్. చదువుతున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత కారులో హీటర్ ఫ్యాను మొదటి మూడు స్పీడుల్లో అసలు తిరగడం లేదు, నాలుగులో పెడితేనే గాలి వస్తోంది. ఆ ఫ్యానును తిప్పే బ్లోయర్ మోటారు మార్చాలని మెకానిక్ చెప్పిన ఖర్చు నాకు అందనంత ఉంది. తక్కువలో నేనే బాగుచేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. పైగా మీరు రాసిన లక్షణాన్ని బట్టి మీ మోటారు పనిచేస్తూనే ఉంది. పాడైంది దాని పక్కనే ఉండే, ధరలో మోటారు కంటే చాలా తక్కువైన బ్లోయర్ రెసిస్టర్. తిప్పుడు స్విచ్‌తో నాలుగు స్పీడులు మార్చే పాత కార్లలో, తక్కువ స్పీడుల్లో కరెంటు ఈ రెసిస్టర్ గుండా వెళ్తుంది కాబట్టి మోటారుకు వోల్టేజి తగ్గి నెమ్మదిగా తిరుగుతుంది. నాలుగో స్పీడుకు మాత్రం కరెంటు రెసిస్టర్‌తో పని లేకుండా నేరుగా మోటారుకు చేరుతుంది. రెసిస్టర్ మీద ఉండే థర్మల్ ఫ్యూజు వేడికి తెగిపోతే కింది మూడు స్పీడులూ ఒక్కసారే పోయి నాలుగోది మిగులుతుంది. ఒక్క స్పీడు మాత్రమే పోయి ఉంటే ఆ స్పీడుకు సంబంధించిన కాయిల్ తెగిందని గానీ, స్విచ్‌లో ఆ కాంటాక్టు అరిగిందని గానీ అనుకోవాలి.

అమెరికా కార్లలో స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి, ఎక్కువ మోడళ్లలో బ్లోయర్ కుడి వైపు ప్యాసింజర్ కాళ్ల దగ్గర, గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. ఆ డ్యాష్‌బోర్డులోనే ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని తీగలకూ కనెక్టర్లకూ సాధారణంగా పసుపు రంగు ఉంటుంది, వాటి జోలికి వెళ్లకండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే స్టాపర్లు తప్పుకుని పెట్టె కిందికి వాలుతుంది. గాలి గొట్టానికి రెండు స్క్రూలతో బిగించి, పెద్ద కనెక్టర్ తగిలించి ఉన్న చిన్న ముక్కే రెసిస్టర్. బయటికి తీస్తే చుట్టలు చుట్టిన కాయిల్ తీగలు గానీ, పింగాణీ పలక గానీ కనిపిస్తాయి. ఉమ్మడి పిన్నుకూ (అన్ని స్పీడులకూ కలిపి ఉండే పిన్ను) మిగతా పిన్నులకూ మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే మంచి రెసిస్టర్‌లో ఒక ఓమ్ లోపు నుంచి కొన్ని ఓమ్‌ల వరకు చూపిస్తుంది. తెగిపోయినదైతే మీటరు అసలు కదలదు.

కనెక్టర్‌ను కూడా వెలుతురులో తిప్పి చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, కాస్త కరిగి ఉంటే కొత్త రెసిస్టర్‌తో పాటు కొత్త కనెక్టరూ వేయాల్సిందే, ఎందుకంటే ఆ వదులు పిన్ను మళ్లీ వేడెక్కి కొత్త దాన్నీ కాల్చేస్తుంది. తీగలతో సహా వచ్చే కనెక్టర్ ముక్కలు విడిగా దొరుకుతాయి, అంతే మందం ఉన్న తీగ తీసుకుని క్రింప్ చేసి, అంటే చిన్న లోహపు గొట్టంలో దూర్చి గట్టిగా నొక్కి, కలపండి. మెలిపెట్టి టేపు చుట్టడం ఇంత కరెంటు పారే చోట పనికిరాదు. డబ్బు మిగులుతుందని తెగిన థర్మల్ ఫ్యూజు మీదుగా మామూలు తీగ అతికించే వారున్నారు, దయచేసి అది మాత్రం చేయకండి. మంట రేగకుండా ఆపడానికి అక్కడున్న కాపలా అదొక్కటే. ఫ్యూజు పెట్టెలో కూడా మూత మీద రాసిన ఆంపియర్లకు మించినది వేయవద్దు.

రెసిస్టర్ ఎందుకు కాలిందో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే పని సగమే అయినట్టు. రెసిస్టర్ చల్లబడేది బ్లోయర్ విసిరే గాలితోనే. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోతే, లేదా వైపర్ల కింది జాలీ నుంచి రాలుటాకులు లోపలికి చేరితే, ఆ గాలి తగ్గుతుంది. చలికాలంలో ఎలుకలు గూడు పెట్టే చోటు కూడా ఇదే. రెండో కారణం, మోటారు ఇరుసు తిరిగే బుష్ ఎండిపోయి బరువుగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగడం. అందుకే మూడు స్క్రూలు విప్పి మోటారును ఒకసారి కిందికి దించి, ఫ్యాను చక్రాన్ని వేలితో తిప్పండి. తేలిగ్గా తిరిగి కాసేపటికి ఆగితే మోటారు బాగున్నట్టే. గరగరలాడినా, వెంటనే పట్టేసినట్టు ఆగినా మోటారు కూడా చివరికొచ్చిందని అర్థం. చక్రాన్ని మెత్తటి బ్రష్‌తో తుడవండి, దానికి గుచ్చి ఉన్న చిన్న లోహపు క్లిప్పులను మాత్రం కదపవద్దు, అవి బ్యాలెన్స్ కోసం పెట్టినవి.

ఫ్యాను ఏ స్పీడులోనూ తిరగకపోతే కథ వేరు. ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) చూశాక మోటారు కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కనెక్టర్‌ను ఊడదీసి కొలిస్తే, పిన్ను సగం కాలి ఉన్నా 12 వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లేనంత తక్కువ. కాబట్టి కనెక్టర్‌ను తగిలించే ఉంచి, వెనక వైపు నుంచి మీటరు సూదులను రెండు తీగల దగ్గరికీ దూర్చి, స్విచ్ నాలుగులో పెట్టి చూడండి. ఒక సూదిని కారు బాడీకి ఆనించవద్దు, చాలా కార్లలో స్విచ్ నెగెటివ్ వైపు ఉంటుంది కాబట్టి ఆ కొలత తప్పుదారి పట్టిస్తుంది. రెండు తీగల మధ్య 12 వోల్టులు వస్తున్నా మోటారు కదలకపోతే, దాని ఒంటి మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయి. సీలు చేసిన మోటార్లలో బ్రష్షులు మార్చడానికి పడే శ్రమకు ఫలితం తక్కువ, పాత కార్ల యార్డులో అదే మోడల్ నుంచి తీసిన మోటారు కొనడం నయం, కొనే ముందు వేలితో తిప్పి చూడండి.

ఈ పరీక్షలకు ఇంజిన్ ఆడించనక్కర్లేదు, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి తాళం ఆన్‌లో పెడితే చాలు. చలికి తలుపు మూసిన గరాజులో ఇంజిన్ ఆడిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. భాగం చేతికొచ్చే దాకా నాలుగో స్పీడుతో బండి నడపవచ్చు గానీ, కాలిన వాసన వస్తే వెంటనే బ్లోయర్ ఫ్యూజు తీసేయండి. అప్పుడు అద్దం మీది మంచు తొలగదు కనుక బాగయ్యే వరకు బండి తీయకండి. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కార్లలో రెసిస్టర్‌కు బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది, పై ఓమ్‌ల పరీక్ష దానికి వర్తించదు.

ప్రశ్న: విజయవాడలో ఉంటాను. మా కారులో ఏసీ గాలి తగ్గింది, ఫ్యాను నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. మోటారు పోయినట్టేనా?

జవాబు: ఏసీకీ హీటర్‌కీ ఉండేది ఒకటే బ్లోయర్ కాబట్టి పై జవాబులో చాలా భాగం మీకూ పనికొస్తుంది. మన కార్లలో అది ఎడమ వైపు ఉంటుంది. చప్పుడు స్పీడుతో పాటు పెరుగుతుంటే చక్రంలో ఆకో పుల్లో ఇరుక్కుని ఉంటుంది, గాలి తగ్గడానికి దుమ్ము పట్టిన క్యాబిన్ ఫిల్టరును ముందు అనుమానించండి. ఫిల్టరు మార్చి, చక్రం శుభ్రం చేశాక కూడా కీచుమంటే బుష్ అరిగినట్టు. అప్పుడు పాత మోటారును చేతిలో పట్టుకుని ఆటోనగర్‌కు వెళ్లండి, కనెక్టర్ ఆకారం, స్క్రూ రంధ్రాలు, చక్రం తిరిగే దిశ మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసుకుని కొనవచ్చు.