ఇండియన్ అని చెబితే వదిలేసేవారు కదా?

ప్రశ్న: మాది చీరాల. చాలా ఏళ్లుగా జార్జియాలో, అట్లాంటా దగ్గర ఉంటున్నాం. నా భర్త నల్లజాతి అమెరికన్. మా బాబుకు పదహారేళ్లు, ఆరడుగుల మనిషి. పోయిన నెల ఒక సాయంత్రం స్నేహితుడి ఇంటి ముందు వాడి కోసం నిలబడి ఉంటే, ఎవరో ఫోన్ చేశారని పోలీసులొచ్చి బేడీలు వేసి రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. ముప్పావు గంటకు, తాము వెతుకుతున్నది వీణ్ని కాదని వదిలేశారు. ‘మా అమ్మ ఇండియన్ అని చెప్పొచ్చు కదరా’ అన్నాను. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వాళ్ల నాన్నేమో రోజూ కూర్చోబెట్టి, పోలీసులు ఆపితే చేతులెక్కడ పెట్టాలో నేర్పిస్తున్నారు. పిల్లాణ్ని ఇంకా బెదరగొడుతున్నారేమోనని నా భయం. మా అమ్మ ఆ జుట్టు కత్తిరించమని, హుడీలు మాన్పించమని ఫోన్లో పోరుతోంది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, కన్నబిడ్డ చేతులకు బేడీలు పడ్డాయని వింటే ఏ తల్లికైనా ముందు తోచేది ‘ఏం చేసుంటే ఇది తప్పేది’ అనే. మీరు ఆ మాట అన్నది అందుకే. కానీ వాడికి వినపడింది వేరు. అమ్మ పేరు చెప్పుకుంటే బతికిపోయేవాణ్ని, నాన్న పోలిక వల్ల ఇలా జరిగింది, నాన్న పోలికను దాచుకోమంటోంది అమ్మ. మీ మనసులో అది లేదని నేను నమ్ముతాను. వాడు నమ్మాలంటే మాత్రం మీ నోటితోనే చెప్పాలి. ‘ఆ రోజు నేనలా అనకూడదు నాన్నా. నువ్వు ఏ తప్పూ చేయలేదు. అక్కడ నిలబడే హక్కు నీకుంది. తప్పు నిన్ను ఆపినవాళ్లది’ అనండి. మీ ఆయన ఎదురుగానే అనండి. ఆయన పైకి ఏమీ అనకపోయినా ఆ మాట ఆయనకూ తగిలే ఉంటుంది.

ఇండియన్ అంటే ఆగుతారన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. 2015 ఫిబ్రవరిలో, మీ పక్క రాష్ట్రం అలబామాలోనే, మాడిసన్ ఊళ్లో జరిగింది చూడండి. మనవణ్ని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన పొద్దున్నే కొడుకు ఇంటి దగ్గర నడుస్తున్నారు. నల్లజాతి మనిషి ఎవరో అనుమానంగా తిరుగుతున్నాడని ఒకరు ఫోన్ చేశారు. పోలీసులు వచ్చారు. తనకు ఇంగ్లిష్ రాదని, తనది ఇండియా అని ఆయన చెప్పబోయారు. ఒక అధికారి ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకుని నేలమీద పడేశాడు. వెన్ను దెబ్బతిని కాళ్లూ చేతుల్లో పట్టు పోయింది. కేసు నడిచింది, రెండుసార్లూ జ్యూరీ ఒక్క మాట మీదకు రాలేకపోయింది, ఆ అధికారిని చివరికి జడ్జి నిర్దోషి అన్నారు. అంత పెద్దాయనకే అలా జరిగినప్పుడు ఆరడుగుల కుర్రాడి మాట ఎవరు వింటారు? నల్లజాతి మగపిల్లల వయసును చూసేవాళ్లు అసలు కంటే సగటున నాలుగేళ్లకు పైగా ఎక్కువగా ఊహించుకుంటారని 2014లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి తేల్చింది. మీకు ఇంకా పాలబుగ్గల పిల్లాడు. దూరం నుంచి చూసేవాడికి ఇరవై దాటిన మనిషి.

అందుకే మీ ఆయన నేర్పిస్తున్నది బెదిరింపు అనుకోకండి. అక్కడి నల్లజాతి ఇళ్లలో దాన్ని ‘ది టాక్’ అంటారు. మగపిల్లాడు ఎదిగి వస్తుంటే, ముఖ్యంగా కారు తాళాలు చేతికిచ్చే వేళకు, ఏ తండ్రో తల్లో కూర్చోబెట్టి చెప్పే మాటలవి. మీ ఆయనకు పదహారేళ్లప్పుడు ఎవరు చెప్పారో, ఆయన్ను ఎన్నిసార్లు ఆపారో ఎప్పుడైనా అడిగారా? ఈ వారమే అడగండి. ఆయన భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. మిస్సోరీలోని ఫెర్గూసన్ పోలీసుల మీద విచారణ చేసి 2015లో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఊరి జనాభాలో 67 శాతం ఉన్న నల్లజాతివారు పోలీసులు ఆపిన వాహనదారుల్లో 85 శాతం, అరెస్టయినవారిలో 93 శాతం ఉన్నారు. దేశమంతటా కోట్లాది ట్రాఫిక్ స్టాప్‌ల లెక్కలు చూసిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులకు ఇంకోటి కనిపించింది. పొద్దు గూకాక, లోపల ఉన్న మనిషి రంగు సరిగ్గా కనిపించని వేళ, ఆపినవాళ్లలో నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గుతోంది. మీ జార్జియాలోనే 2020 ఫిబ్రవరిలో పరుగుకు వెళ్లిన 25 ఏళ్ల అహ్మౌద్ ఆర్బరీని ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుల్లో తరిమి చంపారు. వాళ్లలో ఒకడు ఒకప్పటి పోలీసు శాఖ మనిషే.

కాబట్టి మీరూ ఆ పాఠంలో కూర్చోండి, మీరూ నేర్చుకోండి. బండి ఆపితే లోపలి లైటు వేయాలి, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా ఉంచాలి, లైసెన్స్ తీయబోయే ముందు ‘తీస్తున్నాను’ అని చెప్పాలి. పారిపోకూడదు, పెనుగులాడకూడదు, రోడ్డు మీద వాదన పెట్టుకోకూడదు. ‘నేను వెళ్లొచ్చా’ అని అడగొచ్చు. ‘సోదాకు నేను ఒప్పుకోవడం లేదు’ అని నెమ్మదిగా అనొచ్చు. అదుపులోకి తీసుకుంటే అమ్మానాన్నలు, లాయరు వచ్చేవరకు ఏమీ మాట్లాడనని చెప్పాలి. మీ ఇద్దరి ఫోన్ నంబర్లు వాడికి నోటికి వచ్చి ఉండాలి.

ఇన్ని నేర్పినా పూర్తి రక్షణ ఉండదన్న నిజం కూడా వాడికి చెప్పాలి. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి మనిషి కారును పోలీసు ఆపితే, తన దగ్గర తుపాకీ ఉందని ‘సర్’ అంటూ మర్యాదగా ముందే చెప్పారు. దానికి ఆయనకు లైసెన్స్ ఉంది. అయినా పోలీసు కాల్చి చంపాడు. మరుసటేడు జ్యూరీ ఆ పోలీసును నిర్దోషి అంది. ఇది చెప్పమనడం ఎందుకంటే, రేపు మళ్లీ ఏదైనా జరిగితే ‘నేను సరిగ్గా చేయలేదు’ అని పిల్లాడు తనను తాను తిట్టుకోకూడదు.

వాడు మాట్లాడకపోవడాన్ని పొగరు అనుకోవద్దు. పోలీసులు పదేపదే ఆపిన న్యూయార్క్ యువకుల్లో ఆందోళన, మానసిక గాయం తాలూకు లక్షణాలు ఎక్కువగా ఉన్నాయని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. నిద్ర పట్టకపోవడం, ఆ వీధి వైపు వెళ్లకపోవడం, సైరన్ వింటే బిగుసుకుపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా థెరపిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. నల్లజాతి పిల్లలతో పనిచేసిన మనిషైతే మంచిది. జరిగింది మొదటినుంచీ విడమరచి చెప్పుకోవాల్సిన పని వాడికి తగ్గుతుంది.

మీ అమ్మగారికి మీరే చెప్పాలి, అదీ ఆవిడకు తెలిసిన చోటు నుంచే. చీరాల మనిషికి స్టువర్టుపురం తెలియకుండా ఉండదు. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాల మీద ముద్ర వేశారు. మన దగ్గర ఎరుకలవారు ఆ చట్టం కింద నలిగారు, స్టువర్టుపురం వాళ్లను తెచ్చి పెట్టిన ఊరే. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ఆ ఊరి పేరు ఎత్తడం ఆవిడ వినే ఉంటారు. ఆ ఊరి పిల్లాడు జుట్టు కత్తిరించుకుంటే పోలీసు చూపు మారిందా అని అడగండి. మనవడి జుట్టు జోలికి వెళ్లొద్దని, వారానికోసారి ఫోన్ చేసి వాడితో కబుర్లు చెప్పమని కోరండి.

ఇక ఫిర్యాదు సంగతి నాన్చకండి. జార్జియాలో నగరం మీద పరిహారం అడగాలంటే, ఘటన జరిగిన ఆరు నెలల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇప్పటికే ఒక నెల గడిచింది. పౌరహక్కుల కేసులు చూసే లాయరును ఈ వారమే కలవండి. పోలీసుల బాడీ కెమెరా రికార్డింగ్‌ను, ఆ ఫోన్ కాల్ రికార్డును ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద అడగండి. వాటిని ఎల్లకాలం దాచిపెట్టరు. మణికట్టు మీద గుర్తులకు ఫొటోలు తీసి ఉంటే భద్రపరచండి. కేసు వేయాలా వద్దా అన్నది మాత్రం ముందుగా మీ అబ్బాయిని అడగండి. వాడు వద్దంటే కొన్నాళ్లు ఆగండి, కాగితాలు మాత్రం సిద్ధం చేసి ఉంచండి.