14 కథలున్నాయి, ఏది రాయాలో చెప్పే యాప్ ఉందా?

ప్రశ్న: గూగుల్ కీప్‌లో 14 కథల లైన్లు రాసి పెట్టుకున్నాను. ఒకదాన్ని స్క్రీన్‌ప్లేగా రాయాలని ఉంది. ఏది బాగుందో తేల్చే ఏఐ ఏదైనా ఉందా? స్క్రీన్‌ప్లే రాసే సాఫ్ట్‌వేర్ ఫైనల్ డ్రాఫ్ట్ కొనమంటారా?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: ఏ చాట్‌బాట్‌కి ఇచ్చినా మార్కులు వేస్తుంది. వాటిని నమ్మి మాత్రం కథ ఎంచుకోవద్దు. అదే ప్రశ్న కాస్త మాటలు మార్చి అడిగితే వరస మారిపోవచ్చు. పైగా ఆ కథతో మీరు నెలల తరబడి కూర్చోగలరా అన్నది దానికి తెలియదు. నా దృష్టిలో అసలు చూడాల్సింది అదే.

ఆ జాడ మీ కీప్‌లోనే ఉంది. ఒక్కో నోట్ తెరిస్తే, చివరిసారి ఎప్పుడు మార్చారో కింద కనిపిస్తుంది. రాసిన రోజు తర్వాత మళ్లీ ముట్టుకోని వాటిని ఆర్కైవ్ చేయండి. డిలీట్ వద్దు, వాటిలోని పాత్ర ఏదో రేపు ఇంకో కథకి పనికొస్తుంది.

మిగిలిన మూడు నాలుగింటిని రాయకండి, చెప్పండి. ఫోన్‌లో రికార్డర్ పెట్టి, నోట్ చూడకుండా, నిర్మాతకి నేరేషన్ ఇస్తున్నట్టు ఒక్కోటీ 10 నిమిషాలు చెప్పండి. మర్నాడు వినండి. ‘తర్వాత ఏవో గొడవలు జరుగుతాయి’ అని ఎక్కడ దాటేశారో అక్కడ మీ దగ్గర ఇంకా సీన్లు లేవన్నమాట. ఇంటర్వెల్‌కి ఏం తలకిందులవుతుందో ఒక్క వాక్యంలో వచ్చిందా? సెకండాఫ్ చెబుతుంటే మీ గొంతులో ఊపు తగ్గిందా? తగ్గితే, లైన్ ఎంత కొత్తదైనా ఇప్పటికి పక్కన పెట్టమనే అంటాను. చాలా లైన్లు ఫస్టాఫ్‌తోనే అయిపోతాయి.

ఫైనల్ డ్రాఫ్ట్‌కి ఇప్పుడే డబ్బు పెట్టకండి. స్క్రీన్‌ప్లే రాయడానికి 2012లో వచ్చిన ఫౌంటెన్ అనే పద్ధతి ఉచితం, మామూలు టెక్స్ట్ ఫైల్ చాలు. అందులో పాత్ర పేరుని ఇంగ్లిష్ పెద్దక్షరాలని బట్టి గుర్తిస్తారు. మనకి అవి లేవు కాబట్టి పేరు ముందు @ పెట్టండి: @సూరిబాబు. సీన్ హెడింగ్ తెలుగులో రాస్తే ముందు ఒక చుక్క పెట్టండి: .గోదావరి గట్టు – సాయంత్రం.

పేజీకి ఒక నిమిషం అన్న లెక్క 12 పాయింట్ల కొరియర్ ఫాంట్‌లో ఇంగ్లిష్‌లో రాసే స్క్రిప్టులది. తెలుగు ఫాంట్లలో అది కుదరదు. నిడివి తెలియాలంటే సీన్‌ని పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టుకోండి.