ఆరు దాటిన ఇల్లు: చిన్నపిల్లల తల్లికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. నీ మాటలకన్నా వెనక చిన్నోడి ఏడుపు, కుక్కర్ విజిలు, పెద్దదాని "అమ్మా చూడు, అమ్మా చూడు" ఎక్కువ వినబడ్డాయి. ఫోన్ చేద్దామంటే నీకు కుదురుగా ఐదు నిమిషాలు దొరకవు కదా, అందుకే రాస్తున్నాను. ఒక్కసారే కూర్చుని చదవక్కర్లేదు, వీలైనప్పుడల్లా కాస్త చదువుకో.

"పొద్దున్నుంచీ బాగానే ఉంటారట పెద్దమ్మా, నేను గుమ్మంలో కాలు పెట్టగానే ఇద్దరూ రాక్షసులైపోతారు" అన్నావు. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ నేను విన్న మాటే ఇది. కేంద్రంలో బుద్ధిగా పాటలు పాడుకున్న పిల్ల, తల్లి కనబడగానే బావురుమనేది. ఆ తల్లేమో నేనేదైనా అన్నానేమోనని నా వైపు అనుమానంగా చూసేది. రోజంతా నలుగురిలో ఓర్చుకున్న బిడ్డ ఆ ఓర్పంతా తల్లి దగ్గరే వదిలేస్తుంది. నీ దగ్గర భయం లేదు కాబట్టే ఆ పేచీ. "నాకు పెంచడం చేతకావట్లేదు" అనే పాట ముందు మానెయ్యి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఉన్న ఆ కాస్త వేళని సరిచేసుకో. నువ్వు చెప్పిన కష్టాల్లో సగం ఆ వేళలోనే ఉన్నాయి.

ఇప్పుడు నువ్వేం చేస్తున్నావు? రాగానే బ్యాగు పడేసి చున్నీ నడుముకి బిగించి వంటింట్లో దూరుతున్నావు. పొద్దున్నుంచీ నీకోసం చూసిన పిల్లలకి నీ వీపు కనబడుతుంది. వాళ్లు ఊరుకుంటారా? రేపటి నుంచి కాళ్లూ చేతులూ కడుక్కుని, హాల్లో కింద కూర్చో. పావుగంట చాలు. ఫోన్ బ్యాగులోనే ఉండనీ. చిన్నోడు పాలు తాగుతాడో, మీద పాకుతాడో వాడిష్టం. పెద్దది స్కూల్లో ఎవరు ఎవరి పెన్సిల్ లాక్కున్నారో చెబుతుంది, విను. పావుగంట పోతే వంట ఆలస్యమవుతుందని నీకు టెన్షన్. ఆ పావుగంట ఇవ్వకపోతే గంటసేపు వాళ్లని కసురుకుంటూ వండుతావు, లెక్క చూసుకో.

రెండోది ఆకలి. మధ్యాహ్నం ఎప్పుడో తిన్న నాలుగేళ్ల పిల్లకి ఆరింటికి కడుపు ఖాళీ. ఆ సంగతి తనకే తెలియదు, నీ చున్నీ పట్టుకుని లాగుతుంది, తమ్ముణ్ని తోస్తుంది. నువ్వు రాకముందే, ఐదున్నరకల్లా ఏదో ఒకటి పెట్టమని వదినగారితో, అదే మీ అత్తగారితో చెప్పు. అరటిపండు, పెరుగులో నానబెట్టిన అటుకులు, మెత్తగా ఉడికించిన చిలగడదుంప, నువ్వుల ఉండ, ఏదైనా సరే. పల్లీలు, బఠాణీలు గింజలుగా మాత్రం వద్దు. పెద్దది నములుతుందేమోగానీ, కింద రాలినవి చిన్నోడు ఏరుకుని నోట్లో వేసుకుంటాడు. పది నెలల వాడి గొంతులో గింజ ఇరుక్కుంటే ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా ఉండదు.

రాత్రి వంటకి కూడా ఒక మాట. రాత్రికి రెండు కూరలు, పచ్చడి, రసం ఎవరడిగారే నిన్ను? పొద్దున వండినప్పుడే కూర కాస్త ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రికి వేడి అన్నం, పప్పు, గుడ్డట్టు చాలు. దోశపిండి ఉంటే ఇంకా మంచిది. పిల్లలు ఏడున్నరకి తినాలి. పెద్దవాళ్ల భోజనం తర్వాత. అందరూ తొమ్మిదింటికి కూర్చునే ఇంట్లో నిద్రకళ్లతో ఉన్న పిల్ల అన్నం తినమంటే ఏం తింటుంది?

ఇక తిండి గొడవ. ఇది కాస్త వివరంగా చెప్పాలి. పెద్దది ఏమీ తినట్లేదని, గిన్నె పట్టుకుని బాల్కనీ చుట్టూ తిరుగుతున్నానని అన్నావు. దాని బరువెంతో చెప్పలేదు. తల్లులంతా ఇంతే, ముద్దలు లెక్కపెడతారు, తూకం చూడరు. పుట్టినప్పటి బరువు ఐదో నెలకి దాదాపు రెట్టింపు అవుతుంది, ఏడాదికి మూడింతలు. ఆ తర్వాత వేగం పడిపోతుంది. రెండేళ్లు దాటాక ఏడాదికి రెండు కిలోలు పెరిగితే మామూలే. పెరుగుదల తగ్గితే ఆకలి కూడా తగ్గుతుంది కదా. మొదటి ఏడాది ఆకలిని కళ్లలో పెట్టుకుని నాలుగేళ్ల పిల్ల వెనక పరిగెడితే ఎలా? మూడు నెలలకోసారి తూచి, వాళ్ల టీకాల కార్డులో ఉన్న గ్రాఫ్ మీద చుక్క పెట్టు. ఆ గీత పైకి వెళ్తున్నంతకాలం ముద్దల లెక్క వదిలెయ్యి. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టరుకి చూపించు.

ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో నీ ఇష్టం. ఎంత తినాలో దాని ఇష్టం. అందరితో పాటు కంచం ముందు కూర్చోబెట్టు, కొంచెం కొంచెం వడ్డించు, తన చేత్తోనే తిననివ్వు. కింద మెతుకులు పడతాయి, పడనీ. అరగంట చూసి కంచం తీసెయ్యి. కోపంగా కాదు, మామూలుగానే. తర్వాత "అయ్యో తినలేదు" అని బిస్కెట్లు, పాలు ఇచ్చావో, రేపు మళ్లీ అదే తంతు. పాలు కూడా రోజుకి అరలీటరు దాటనివ్వకు. పాలతో కడుపు నిండిన పిల్లకి అన్నం సయించదు, పైగా రక్తం తగ్గుతుంది. బీరకాయ ఉమ్మేసిందంటావా, నాలుగు రోజులాగి మళ్లీ ఓ ముక్క వెయ్యి. కొత్త రుచి అలవాటు కావడానికి పదిసార్లయినా పడుతుంది. నాలుగోసారికే "మా పిల్లకి బీరకాయ పడదు" అని ఊరంతా చాటుతారు మన ఆడవాళ్లు.

చిన్నోడికి మిక్సీలో మెత్తగా తిప్పి జావలా పొయ్యడం ఇక ఆపు. పది నెలలు వచ్చాయి, పళ్లు లేకపోయినా చిగుళ్లతో నములుతాడు. చేత్తో మెదిపిన పప్పన్నం, నెయ్యి, ఉడికించిన గుడ్డు, మెత్తటి కూరముక్క పెట్టు. రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అరకప్పు. నీ పాలు ఎలాగూ ఉన్నాయి.

పెద్దది మళ్లీ పక్క తడుపుతోందనీ, సీసాతో పాలు కావాలంటోందనీ, ఎవరూ చూడనప్పుడు తమ్ముణ్ని గిల్లుతోందనీ అన్నావు. మూడేళ్లు నువ్వు దాని ఒక్కదానికే సొంతం. ఒకరోజు ఆసుపత్రి నుంచి ఎర్రటి ముద్దని తెచ్చి "ఇదిగో నీ తమ్ముడు, ముద్దు పెట్టుకో" అన్నారు. దానికి నచ్చాలని రూలుందా? ఐదేళ్లలోపు పిల్ల పక్క తడిపితే జబ్బేమీ కాదు. దుప్పటి మార్చు, చుట్టాల ముందు మాత్రం ఆ సంగతి ఎత్తకు. "పెద్దదానివి కదా, నువ్వే సర్దుకోవాలి" అనే మాట కూడా మన ఇళ్లలో చాలా ఎక్కువ. నాలుగేళ్లకే ఏం పెద్దరికం? గిల్లినప్పుడు చెయ్యి పట్టుకుని ఆపు, "గిల్లనివ్వను" అని ఒక్క ముక్క చెప్పు, వాణ్ని ఎత్తుకుని పక్కకి జరుగు. పెద్ద ఉపన్యాసం వద్దు. చిన్నోడు పడుకున్నాక రోజూ పది నిమిషాలు దానితో ఒక్కదానితోనే ఉండు. దాని పేరు చెప్పి "ఇది మనిద్దరి టైము" అను. నెల తిరిగేలోగా గిల్లుళ్లు తగ్గుతాయి, పూర్తిగా పోవు. మీ అమ్మకీ నాకూ ఇంకా పోలేదు.

సూపర్ మార్కెట్లో నేల మీద దొర్లడం సంగతి. అక్కడున్న వాళ్లంతా చూస్తున్నారని నీకు సిగ్గు. వాళ్లలో సగం మంది పిల్లల్ని పెంచినవాళ్లే, మిగతా సగం మందికి ఇంకా టైముంది. చాక్లెట్ ఇవ్వనని ఒకసారి అన్నాక ఇవ్వకు. ఇచ్చేదైతే ఏడవకముందే ఇచ్చెయ్యి. "పోలీసు పట్టుకుపోతాడు", "డాక్టరు సూది వేస్తాడు" అని బెదిరించకు, రేపు నిజంగా సూది వేయించాల్సినప్పుడు ఇబ్బంది పడేది నువ్వే. చెయ్యి మాత్రం లేవనివ్వకు. దెబ్బకి ఏడుపు టక్కున ఆగుతుంది, నిజమే. అందుకే జనం మానలేరు. కానీ రేపు అదే చెయ్యి చిన్నోడి మీద పెద్దది ఎత్తుతుంది.

జ్వరాలు, జలుబులు: స్కూలుకెళ్లే పిల్ల ఉన్న ఇంట్లో ఏడాదికి ఏడెనిమిది సార్లు జలుబు చెయ్యడం మామూలే, చిన్నోడికి అంటడమూ మామూలే. పారాసెటమాల్ సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125 మిల్లీగ్రాములదీ, 250దీ రెండూ షాపుల్లో ఉంటాయి. సీసాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మోతాదు వయసుని బట్టి కాదు, కిలో బరువుకి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. మీ డాక్టరుని అడిగి ఇద్దరికీ ఎంతెంతో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. అల్లుడూ చూస్తాడు, అర్ధరాత్రి ఎవరూ తడుముకోరు. విరేచనాలైతే లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి, సగం సగం కలపకూడదు. జింకు బిళ్ల రాస్తే విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి. బిడ్డ తాగలేకపోతున్నా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోకు, 108కి ఫోన్ చెయ్యి. చిన్నోడికి తొమ్మిదో నెల మీజిల్స్ రుబెల్లా టీకా వేయించే ఉంటావు. మళ్లీ 16 నెలలు నిండగానే రెండో డోసు, బూస్టరు ఉంటాయి, క్యాలెండర్ మీద ఇప్పుడే గుర్తు పెట్టుకో.

వదినగారి గురించి నువ్వు అన్నది విని నాకు నీ మీదే కాస్త కోపం వచ్చింది. నువ్వు ఆఫీసుకి వెళ్లగలుగుతున్నావంటే పొద్దున్నుంచీ పాకే పిల్లాడి వెనక ఆవిడ వంగి లేస్తోంది కాబట్టి. ఆవిడ పాలల్లో బిస్కెట్ ముంచి పెడితే ముంచి పెట్టనీ. నలుగుపెట్టి ఒళ్లు రుద్దనీ, దిష్టి తియ్యనీ. మూడు విషయాలకి మాత్రం ఒప్పుకోకు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. కంట్లో కాటుక పెట్టకూడదు, అరికాలికీ బుగ్గకీ చుక్క పెట్టుకోమను. ముక్కులో, చెవిలో నూనె పొయ్యకూడదు. ఈ మూడూ నువ్వు చెబితే "నిన్నగాక మొన్న వచ్చి నాకు చెబుతుందా" అనుకుంటుంది. ఈసారి టీకాకి ఆవిణ్నే తీసుకెళ్లి డాక్టరు నోటితో చెప్పించు. సాయంత్రం నువ్వు రాగానే ఓ గంట ఆవిణ్ని కిందికి వెళ్లి నలుగురితో కూర్చోమను.

అల్లుడికి ఏదో ఒక పని పూర్తిగా అప్పజెప్పు. స్నానం, పడుకోబెట్టడం ఆయన వాటా అనుకో. "సాయం చెయ్యండి" అంటే "ఏం చెయ్యను?" అని అడుగుతూ వెనక తిరుగుతాడు, ఆ చెప్పడం కూడా నీకు పనే అవుతుంది. చొక్కా తిరగేసి తొడిగినా, తల సరిగ్గా తుడవకపోయినా గదిలోకి వెళ్లకు. మధ్యలో వెళ్లి లాక్కున్నావో, ఆ పని జీవితాంతం నీదే.

టీవీ, ఫోన్ గురించి అడిగావు. రెండేళ్లలోపు పిల్లలకి తెర చూపించవద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫ్లాటులో నలుగురు మనుషులున్న ఇంట్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు వంట చేసే అరగంట పెద్దదానికి టీవీ పెట్టు, చిన్నోణ్ని అవతలి గదిలో నానమ్మ దగ్గర ఉంచు. చేతికి ఫోన్ వద్దు, అన్నం దగ్గర అసలే వద్దు. అల్లుడి ఫోన్ కూడా అన్నం దగ్గర వద్దు.

చివర్లో నువ్వు గబగబా అనేసి మాట మార్చిన సంగతి ఉంది చూడు, "ఒక్కోసారి ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తుంది" అని. నిద్ర చాలని తల్లికి అలా అనిపిస్తుంది. వారానికి రెండు రాత్రులు చిన్నోడి పక్కన అల్లుణ్ని పడుకోబెట్టి నువ్వు తలుపేసుకుని పడుకో. అలా పడుకున్నాక కూడా రెండు వారాలు దాటి దిగులు తగ్గకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, పిల్లల మీద ఏ ధ్యాసా లేకపోయినా డాక్టరుతో మాట్లాడు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు, అంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ వాళ్లు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇందులో సిగ్గుపడేదేం లేదు. నాతో కూడా ఎప్పుడైనా అనొచ్చు, మీ అమ్మకి చెప్పనులే.

శనివారం మీ పెదనాన్న పనిమీద హైదరాబాదు వస్తున్నారు. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి ఉగ్గురవ్వ పట్టించాను, ఆయనతో పంపిస్తున్నాను. కావాలనే కాస్త బరకగా ఉంచాను, మళ్లీ మిక్సీలో వెయ్యకు. పెదనాన్న రెండు రోజులు ఉంటారు. సాయంత్రాలు పెద్దదాన్ని పార్కుకి తీసుకెళ్లమని చెప్పాను, ఏడింటిదాకా తీసుకురావద్దన్నాను. ఆ వేళకి ఇల్లు సర్దుతూ కూర్చోకు.

ప్రేమతో,
పెద్దమ్మ