కర్పూరం వాసన వచ్చే కత్తిని ముందు బయటికి తీయండి

టెక్ సందేహాలు

ప్రశ్న: మా తాతగారు కావలిలో క్షౌరశాల నడిపేవారు. ఆయన వాడిన మడతకత్తులు తొమ్మిది నా దగ్గర ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు పాత సామాన్ల కొట్లలో కొన్న సేఫ్టీ రేజర్లు మరో ముప్పై దాకా ఉంటాయి. అన్నీ హాల్లో కనిపించేలా పెట్టాలని టేకు, ప్లైవుడ్డుతో అద్దాల బీరువా చేయించి, లోపల ఎర్ర మఖమల్ గుడ్డ అతికించి, ఎల్‌ఈడీ పట్టీలు బిగించాను. ఆరు నెలలకే మూడు కత్తులకు తుప్పు మొదలైంది. పసుపుపచ్చ పిడి ఉన్న ఒక కత్తి దగ్గర కర్పూరం వాసన వస్తోంది. బీరువాలో తేమ పెరిగితే ఫోనుకు తెలియజేసే పరికరం ఏది కొనాలి? (కావలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పరికరం సంగతి తరువాత చెబుతాను. ఇది చదవగానే ఆ పసుపుపచ్చ పిడి కత్తిని బీరువాలోంచి బయటికి తీయండి. తుప్పు పట్టిన మూడు కత్తులు దాని పక్కనే ఉన్నాయేమో చూడండి. ఉంటే కారణం సగం దొరికినట్లే.

ఆ పిడి సెల్యులాయిడ్ అయి ఉండాలి. ఏనుగు దంతానికి బదులుగా 1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ సోదరులు తయారుచేసిన తొలితరం ప్లాస్టిక్ అది. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన సెల్యులోజుకు కర్పూరం కలిపి చేసేవారు. మీకు వస్తున్న వాసన అదే. దశాబ్దాలు గడిచేకొద్దీ కర్పూరం ఎగిరిపోతుంది, పిడి పెళుసవుతుంది, లోపలి నుంచి నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వెలువడతాయి. వాటికి గాలిలోని చెమ్మ తోడైతే మళ్ళీ నైట్రిక్ ఆమ్లమే పుడుతుంది. తలుపులు బిగించిన బీరువాలో ఆ ఆమ్లం ముందు సొంత అలుగును, తరువాత పక్కనున్న ఉక్కును, ఇత్తడిని తింటుంది. ఒక్క పిడి పాడైతే అర మొత్తం పాడవుతుంది.

ఈ క్షయాన్ని ఆపే మందు లేదు, నెమ్మదింపజేయగలం అంతే. ఆ కత్తిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూత పెట్టకండి, వాయువు లోపలే నిలిచి పని వేగంగా చేస్తుంది. గాలి ఆడే అట్టపెట్టెలో, ఎండ తగలని చల్లని చోట, మిగతావాటికి దూరంగా ఉంచండి. పూజగదిలోగాని, వంటింట్లోగాని వద్దు. సెల్యులాయిడ్ నిప్పు అంటుకుంటే భగ్గున మండుతుంది. మిగిలిన ఎనిమిది పిడులనూ బొటనవేలితో కాసేపు రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వచ్చిన ప్రతిదాన్నీ వేరు చేయండి. కొమ్ము పిడులకు ఈ బెడద లేదు గాని, వాటిని పురుగులు తింటాయి కాబట్టి నెలకోసారి చూసుకోవాలి.

ఇక రెండో సగం, మన గాలి. నేను పెరిగింది కొత్తపట్నంలో. రెండేళ్ళకోసారి రంగు వేయకపోతే మా కిటికీ చువ్వలు పొరలుపొరలుగా రాలేవి. కావలికి తుమ్మలపెంట సముద్రం ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు. మామూలుగా గాలిలో తేమ 60 శాతం దాటాక ఇనుము తుప్పు వేగం పుంజుకుంటుంది. ఉప్పు అంటిన ఇనుముకు అంతవరకూ ఆగే ఓపిక ఉండదు. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది. మొదటిది 75 శాతం తేమ దగ్గర నీటిని పట్టుకుంటే, రెండోది 33 శాతం దగ్గరే పట్టుకోవడం మొదలుపెడుతుంది. వానాకాలంలో గళ్ళ ఉప్పు జాడీ చెమర్చేది ఇందుకే. కంటికి కనిపించని ఆ ఉప్పు కత్తి మీద ఉన్నా, ముట్టుకున్న వేలి చెమటలోంచి వచ్చినా, ఫలితం ఒకటే. అందుకే తడి పిండేసిన మెత్తటి గుడ్డతో అలుగును తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టి, ఆ తరువాతే పైపూత. ముట్టుకునేటప్పుడు నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి.

పైపూతకు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ చాలు, పలచగా, ఉక్కు మీద మాత్రమే. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు. అవి చెడితే పుట్టే ఆమ్లాలు ఇత్తడికి పచ్చని చిలుము పట్టిస్తాయి. సేఫ్టీ రేజర్లకు పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలైన్ మైనం మేలు. బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో రూపొందిన రెనెసాన్స్ వ్యాక్స్ ఈ కోవలోదే. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాత రేజర్‌ను చింతపండుతో తోమవద్దు, ఇత్తడి సామాన్ల పొడితో రుద్దవద్దు, నీళ్ళలో మరిగించవద్దు. ఇత్తడి మీద ఉన్న నికెల్ పూత గాని, బంగారు పూత గాని వెంట్రుకవాసి కూడా ఉండదు. బంగారు పూత ఉన్నవాటి మీద లక్క లాంటి పారదర్శకమైన పొర వేరే ఉంటుంది, వేడినీళ్ళకు అది లేచిపోతుంది. ఒకసారి పోయిన పూత మీ తాతగారి చేతిగుర్తుతో సహా పోయినట్లే.

ఇప్పుడు బీరువా. బాధగా ఉన్నా చెప్పక తప్పదు, అందంగా కనిపించే ప్రతిదాన్నీ అనుమానించాలి. కొత్త చెక్క, ప్లైవుడ్డు, ఎండీఎఫ్ నెలల తరబడి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరిని వదులుతాయి. ఉన్ని, రబ్బరు, కొన్ని జిగుర్ల నుంచి గంధకం వస్తుంది. తోలు పెట్టెలు చెమ్మను, ఆమ్లాన్ని రెంటినీ దాచుకుంటాయి. కాబట్టి పెట్టె అందంగా ఉందని కత్తిని అందులోనే ఏళ్ళ తరబడి ఉంచవద్దు, పెట్టెను పక్కన విడిగా ప్రదర్శించండి. అద్దం బిగించే సిలికోన్ గమ్ వెనిగర్ వాసన వేస్తే అది ఎసిటిక్ ఆమ్లమే, వాసన లేని న్యూట్రల్ రకం అడిగి కొనండి.

మీ మఖమల్ నిర్దోషో కాదో తేల్చే పరీక్ష ఒకటి ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. వెండి, రాగి, సీసం ముక్కలను పరీక్షించవలసిన వస్తువుతో పాటు ఒక సీసాలో తేమతో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, లోహాలు మారాయేమో చూస్తారు. ఇంట్లో దీనికి దగ్గరగా చేయవచ్చు. రెండు గాజుసీసాలు తీసుకోండి. రెండింటిలోనూ గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన రాగి తీగముక్క, తడిపిన దూది వేయండి, రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఒకదానిలో మాత్రం జిగురుతో సహా మఖమల్ ముక్క వేయండి. నెల రోజులు వెచ్చని చోట ఉంచండి. మఖమల్ ఉన్న సీసాలోని తీగ రెండోదానికంటే నల్లబడితే ఆ గుడ్డను పీకేయండి. దాని స్థానంలో అద్దపు అరలు, అక్రిలిక్ స్టాండ్లు వాడండి. అయస్కాంతపు పట్టీలకు కత్తులు అతికించే పద్ధతి నాకు అసలు నచ్చదు, తీసేటప్పుడు అంచు తగిలి పెచ్చు లేస్తుంది.

ఎల్‌ఈడీ పట్టీ ఉంచుకోవచ్చు. దాని అడాప్టరు మాత్రం బీరువా బయట ఉండాలి. దాని వేడికి లోపల వెచ్చబడి, ఆర్పాక చల్లబడితే లోపలి తేమ శాతం రోజూ ఊగిసలాడుతుంది, అది నిలకడగా ఎక్కువ ఉండటమంత చెడ్డదే. మనిషి దగ్గరికి వస్తేనే వెలిగే సెన్సార్ స్విచ్ పెడితే వెలుతురు, వేడి రెండూ తగ్గుతాయి.

చివరికి మీరు అడిగిన పరికరం. బ్యాటరీతో నడిచే బ్లూటూత్ తేమమాపకం చాలు. తెర మీది అంకెకన్నా, వారాల తరబడి లెక్క దాచుకుని గ్రాఫు చూపించే గుణం ముఖ్యం. బ్లూటూత్ మాత్రమే ఉన్నది ఫోను ఇంట్లో ఉన్నప్పుడే కబురు చెబుతుంది. ఊరు వెళ్ళినా తెలియాలంటే దానికి వైఫై గేట్‌వే, అంటే దాని లెక్కను ఇంటి వైఫై ద్వారా ఇంటర్నెట్‌కు అందించే చిన్న పెట్టె, జత చేయాలి. ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుతో సొంతంగా చేసుకునేవారు సెన్సార్‌ను తీగతో దూరంగా పెట్టండి. బోర్డు వేడికి అది తేమను తక్కువ చూపిస్తుంది.

కొన్నాక నమ్మే ముందు పరీక్షించండి. సీసా మూతలో ప్యాకెట్ ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీరు చుక్కలుగా వేయండి, కరిగిపోకూడదు. దాన్ని, మాపకాన్ని ఒక బిగుతు డబ్బాలో పెట్టి 12 గంటలు ఆగండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీది 80 చూపిస్తే ఇకపై దాని లెక్కలో 5 తీసేయండి. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల గళ్ళ ఉప్పు దీనికి పనికిరాదు, మెగ్నీషియం వల్ల అంకె తగ్గుతుంది.

40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే మంచిది. ఉక్కుకు ఇంకా తక్కువైనా హాయే గాని, కొమ్ము పిడులు ఎండి బీటలు వారతాయి. తేమను పీల్చే సిలికాజెల్ గుళికలు బిగుతుగా మూసే బీరువాలోనే పనిచేస్తాయి. సందులున్న తలుపు వెనుక పెడితే అది కావలి గాలినంతా ఆరబెట్టడానికి ప్రయత్నిస్తుంది. నారింజరంగు రకం కొనండి, నీలం దానిలో కోబాల్ట్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. రంగు మారినప్పుడు 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఆరబెడితే మళ్ళీ వాడవచ్చు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ మూడు నెలలూ గ్రాఫు రోజూ చూడండి.

ప్రశ్న: తేమ చూపించే ఉచిత యాప్ ఉండగా పరికరం ఎందుకు? (నెల్లూరు)

జవాబు: దాదాపు ఏ ఫోనులోనూ తేమ సెన్సార్ లేదు. 2013లో వచ్చిన గెలాక్సీ ఎస్4లో ఉండేది. యాప్ చూపించేది వాతావరణ సేవ నుంచి తెచ్చిన ఊరి లెక్క, మీ బీరువా లోపలి లెక్క కాదు.

ప్రశ్న: సంతలో కొన్న జిలెట్ రేజర్ తల కింద ఏవో అక్షరాలు మసకగా ఉన్నాయి. ఫొటో తీస్తే కనిపించడం లేదు. రుద్ది శుభ్రం చేయనా? (ఒంగోలు)

జవాబు: రుద్దవద్దు. గది చీకటి చేసి, రేజర్‌ను నల్లగుడ్డ మీద బోర్లించి, ఇంకో ఫోను టార్చిని పక్కనుంచి, దాదాపు నేలబారుగా వేయండి. గీతల్లో నీడ నిలిచి అక్షరాలు తేలతాయి. ఫోను ఫ్లాష్ ఎదురుగా పడి మెరుపు తప్ప ఏమీ మిగల్చదు. మాక్రో మోడ్‌లో, టార్చిని చుట్టూ తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీయండి. 1955 నుంచి అమెరికాలో తయారైనదైతే ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం సంవత్సరం, అంకె అందులో ఎన్నో మూడు నెలలో చెబుతుంది. ‘ఎ’ అంటే 1955, అక్కడి నుంచి వరుసగా లెక్కపెట్టండి. ‘ఎఫ్ 3’ కనిపిస్తే మీ రేజర్ 1960 జూలై, సెప్టెంబర్ మధ్య పుట్టింది.