ఇంగ్లండ్ పల్లెలో ఇల్లు కొన్నాం, పెరట్లో చెట్టు కొట్టించచ్చా?

సికమోర్ చెట్టు వంటింటికి వెలుతురు రానివ్వట్లేదు, పక్కింటివాళ్లేమో దాన్ని ముట్టుకోకూడదంటున్నారు అని రాశారు. వాళ్ల మాట నిజమయ్యే అవకాశం చాలా ఉందండీ. స్థలం మీదైనా సరే, ముందు కౌన్సిల్‌ని అడగండి. ఊరి పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్‌ని కాదు, వాళ్లకి ఈ అధికారం లేదు. డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌ ప్లానింగ్ విభాగంలో ట్రీ ఆఫీసర్ ఉంటారు, వాళ్లని.

అడగాల్సినవి రెండు. ఆ చెట్టు మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ (చెట్టుని కాపాడమని కౌన్సిల్ ఇచ్చే ఉత్తర్వు, అందరూ టీపీఓ అంటారు) ఉందా? మీ ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో (పాత అందం చెడకుండా కాపాడాలని గుర్తించిన ప్రాంతం) ఉందా? ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది కంగారు పడతారు. టీపీఓ ఉంటే కొమ్మ కొట్టాలన్నా రాతపూర్వకంగా అనుమతి రావాలి. దరఖాస్తుకి ఫీజు లేదు, మామూలుగా 8 వారాల్లో తేలుస్తారు, కాదంటే 28 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కన్జర్వేషన్ ఏరియా మాత్రమే అయితే 6 వారాల ముందు నోటీసు ఇస్తే చాలు. ఆ నోటీసుని తిరస్కరించే అధికారం కౌన్సిల్‌కి లేదు, షరతులు పెట్టే అధికారమూ లేదు. చెట్టుని కాపాడాలనుకుంటే ఆలోపు దానిమీద టీపీఓ వేయాలి, అంతే. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కాండం మందం 75 మిల్లీమీటర్లు దాటకపోతే నోటీసు కూడా అక్కర్లేదు.

మాదీ చర్చి పక్కనున్న పాత ఇల్లే, కన్జర్వేషన్ ఏరియా. హార్స్ చెస్ట్‌నట్ కొమ్మలు కప్పు మీదకి వచ్చేస్తుంటే చెట్లు కత్తిరించే ఒక ట్రీ సర్జన్‌ని పిలిచాం. ఆయన చూసి, నోటీసెందుకు, ఆదివారం పొద్దున్నే పైభాగం కొట్టేద్దాం, ఎవరికీ తెలీదన్నాడు. ఆయన్ని పంపించేసి నోటీసు ఇచ్చాం, ఫొటోలు, చెట్టు ఎక్కడుందో చూపించే చిన్న గీత బొమ్మ పెట్టి. ట్రీ ఆఫీసర్ స్వయంగా వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, పైభాగం నరికితే ఆ పెద్ద గాయాల్లోంచి కుళ్లు పడుతుంది, కింది కొమ్మలు తీయించి లోపల కాస్త పలచన చేయించండి అన్నారు. అలాగే చేయించాం. గదిలోకి ఎండ వచ్చింది, చెట్టూ నిలబడింది. అంత పెద్ద చెట్టు మళ్లీ పెరగడానికి మన జీవితకాలం చాలదు, కాబట్టి కొట్టెయ్యడం గురించి కాకుండా వెలుతురు గురించే ఆఫీసర్‌తో మాట్లాడమని నా సలహా.

మన దగ్గర చెట్లు కొట్టడానికి అనుమతి అడగాలనే వాల్టా చట్టం ఉన్నా అమలు అంతంతమాత్రం, ఆ ధీమాతో ఇక్కడ ఉండకండి. రంపం చప్పుడు వింటే ఊళ్లోవాళ్లే కౌన్సిల్‌కి ఫోన్ చేస్తారు. రక్షణలో ఉన్న చెట్టుని చంపేస్తే జరిమానాకి పైపరిమితి లేదు, అనుమతి లేకుండా కొమ్మలు కొట్టడం లాంటి చిన్నవాటికి కూడా 2,500 పౌండ్ల దాకా పడచ్చు, కొట్టినవాడితో పాటు కొట్టించినవాళ్ల మీద కూడా కేసు పెట్టచ్చు. ఎండిపోయిన కొమ్మలు తీయడానికి అనుమతి అక్కర్లేదు. చెట్టే చచ్చిపోతే, దాన్ని కొట్టించడానికి కౌన్సిల్‌కి 5 పనిదినాల ముందు చెప్పాలి, ఫొటోలు దాచుకోండి.

ఇంకోటి, అనుమతి వచ్చినా మార్చి నుంచి ఆగస్టు దాకా పని పెట్టుకోకపోవడం మంచిది, పక్షులు గూళ్లు కట్టే కాలం. వాడుకలో ఉన్న గూడు పాడుచేస్తే 1981 వన్యప్రాణి చట్టం కింద అది వేరే నేరం. తొర్రల్లో గబ్బిలాలు ఉన్నాయేమో కూడా ఎక్కేముందే చూడమని ట్రీ సర్జన్‌కి చెప్పండి.