వ్యాయామం మొదలుపెడతాను, వారానికే మానేస్తాను. మనసును ఎలా ఒప్పించాలి?

ఒప్పించే పని అసలు పెట్టుకోకండి. ఆరోగ్యం కోసమని నడిచేవాళ్లు నాలుగు రోజులకే చతికిలపడతారు. ఇంకేదో పని మీద నడిచేవాళ్లే నిలబడతారు. ఎవరు కాదన్నా మా అమ్మే నాకు సాక్ష్యం.

అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు. రోజూ అరగంట నడవమని డాక్టరుగారు చెప్పినప్పుడల్లా మోకాళ్ల మీదికి నెట్టేసేది. తమ్ముడు కొనిచ్చిన బూట్లు అట్టపెట్టె దాటలేదు. అలాంటి మనిషి, మా పెద్దవాడికి వీసా రావాలని చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేయడం అక్కడి ఆనవాయితీ. వీసా వచ్చింది, మొక్కు మెడ మీద కూర్చుంది. ఒక చేతిలో అంకెలు అచ్చేసిన కాగితం, మరో చేతిలో పెన్ను, చెంగు నడుముకు దోపి బయలుదేరింది. చుట్టు పూర్తయిన చోట ఆగకుండానే ఒక అంకె కొట్టేసేది. మధ్యలో ఎవరో ఆవిడతో మాట కలిసింది. వాళ్ల అమ్మాయి సంబంధం ఎందుకు తప్పిపోయిందో తెలిసేసరికి సగం అంకెలు అయిపోయాయి. కాసేపు కూర్చుందామని అడిగింది నేను. "నువ్వు కూర్చో, నాకు లెక్క తప్పుతుంది" అంది. ఆ రోజంతా మోకాళ్ల ఊసే లేదు! ఇప్పుడు సాయంత్రం పూట మా వీధి ఆంజనేయస్వామి గుడి చుట్టూ ఇద్దరు స్నేహితురాళ్లతో తిరుగుతోంది. షుగరు తగ్గింది మాత్రల వల్లే అని డాక్టరుగారు, కాదు స్వామి వల్ల అని అమ్మ.

గుడి చుట్టూ కాకపోతే ఎక్కడ నడుస్తుంది లెండి. మా వీధి ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, టిఫిను బండి, బైకులు కాపురం ఉంటున్నాయి.

1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల మీద చేసిన అధ్యయనం ప్రచురించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని తేలింది. డ్రైవర్ల యూనిఫాం నడుము కొలతలే పెద్దవని తర్వాత ఆయన బృందమే బయటపెట్టింది, కాబట్టి తేడా అంతా మెట్ల పుణ్యమే అనలేం. అయినా నా వాదన నాదే: ఆ కండక్టర్లు ఎక్కింది టికెట్లు కొట్టడానికి, గుండె కోసం కాదు.

ఇక చేతి గడియారాలు అడిగే 10,000 అడుగులంటారా? ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి పెట్టిన పేరులోంచి ఊరేగుతూ వచ్చింది. మరి 108 కూడా లెక్కే కదా అంటారేమో. అది దేవుడికి బాకీ. గడియారానికి మనమేం బాకీ?

మీకు గుళ్లూ మొక్కులూ పడకపోతే షటిల్ ఆడే జట్టులో చేరండి. డబుల్స్‌కు నలుగురు కావాలి. మీరు ముసుగుతన్ని పడుకుంటే తిట్టడానికి మిగతా ముగ్గురూ ఆరింటికే ఫోను చేస్తారు.